పుటలో లేని మాట

రాజమహేంద్రవరం,
1889 జూన్ 12

పెద్దమ్మకు సువార్తమ్మ నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ కులాసా. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయించు. బడి తెరిచి పది రోజులైంది. ఈ ఏడు ఆడపిల్లలు ఇరవై ముగ్గురు చేరారు. అందులో ఇద్దరు పలక మీద అక్షరం కన్నా బల్లిబొమ్మ బాగా వేస్తారు. పంతులమ్మనన్న భయం ఒక్కదానికీ లేదు.

నీకు చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకోను? మాకు ఇక్కడ ఒక అచ్చుకాగితం ఇచ్చారు. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం అయిదు చొప్పున ఏడాదికి పరిశుద్ధ గ్రంథమంతా పూర్తవుతుంది. చదివినదాని ఎదురుగా గీత పెట్టుకోవాలి. ఒక్కరోజు తప్పకుండా పెడుతున్నాను. కాని హాజరు పిలిచినట్టు చదువుతున్నాను పెద్దమ్మా. పేర్లన్నీ పిలుస్తాను, ఎవరూ పలకరు. నిన్న మూడు అధ్యాయాలు చదివి, గీత పెట్టి, పుస్తకం మూసి, ఏం చదివానని నన్ను నేనే అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయాను. అదే పిల్లలైతే బెంచీ ఎక్కించేదాన్ని. రెండేళ్ళుగా ఇదే వరస.

తెల్లవారుతూనే నువ్వు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వాక్యం చెప్పుకునేదానివి. అప్పుడు నీ ముఖం ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. ఏడేళ్ళదాకా దినదినం చూశాను గదా. నువ్వు ఎలా చదువుతావో నాకు చెప్పు.

ఇంకో సంగతి. డిసెంబరులో మిషను కొత్త దొరసాని గారు నరసాపురం వస్తారట. నీలాగా ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలందరినీ పరీక్ష చేస్తారట. తెరిచి చూపిన పుట చదివి అర్థం చెప్పాలి. చదవలేనివాళ్ళను ఆ పనిలోంచి తీసేస్తారు. ఆవిడకు తెలుగు ఇంకా పట్టుబడలేదు కనుక పుటలు తెరిచి చూపడానికి నన్ను వెంట రమ్మన్నారు. ఇరవై ఏళ్ళుగా అదే పనిలో ఉన్న నీకు పరీక్ష ఏమిటని నవ్వుకున్నాను. చేపపిల్లకు ఈత పరీక్ష!

నీ కూతురు,
సువార్తమ్మ


నరసాపురం,
జూన్ 25

చిరంజీవి సువార్తమ్మను పెద్దమ్మ అప్పాయమ్మ దీవించి రాయించునది.

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళు వాటి మానాన అవి నొస్తున్నాయి, నా మానాన నేను తిరుగుతున్నాను. మీ పెదనాన్న పోయాక నా ఉత్తరాలు రాసిపెట్టే ఆశీర్వాదం గారు భీమవరం వెళ్ళిపోయారు. నా కళ్ళకు అక్షరం ఆనదని నీకు తెలుసు గదా. ఇది రాస్తున్నది సీతారామలక్ష్మమ్మ గారు. మంగళవారం, శుక్రవారం వాళ్ళ ఇంటికి లేసు అల్లిక నేర్పడానికి వెళ్తాను. పెరట్లో నూతిపళ్ళెం దగ్గర నేను, వసారా మెట్టు మీద ఆవిడ. అల్లిక సాగుతూ ఉంటే వాక్యం చెబుతాను. వాళ్ళ అత్తగారు వెంకటరత్నమ్మ గారు లోపలినుంచి అంతా వింటూనే, విననట్టు పప్పు చెరుగుతూ ఉంటారు.

రోజుకు మూడు అధ్యాయాలా! మూడు బుట్టల చేప ఒక్కపూట తింటే ఏ చేప రుచి తెలుస్తుందే? నేను ఒక్క మాట పట్టుకుంటాను. లేసు ఒక వరస అల్లేంతసేపూ అదే మాట. తప్పు పడితే విప్పుతాను, మళ్ళీ అల్లుతాను, మళ్ళీ అదే అనుకుంటాను. వరస పూర్తయ్యేసరికి ఆ మాట నా చేతివేళ్ళలోకి దిగుతుంది.

ఆ తరవాత కథ జరిగిన ఇంట్లోకి వెళ్ళి ఒక మూల నిలబడతాను. ప్రభువు శిష్యుడు పేతురు అత్తగారి సంగతే తీసుకో. మనలాగే చేపలవాళ్ళ ఇల్లు. చూరుకు వలలు, గుమ్మంలో పొలుసు, ఇల్లంతా నీచువాసన. ఆ ముసలావిడ జ్వరంతో చాప మీద పడి ఉంది. అల్లుడు చెప్పాపెట్టకుండా మగాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడు, జ్వరం పోయింది. అప్పుడు ఆవిడకు ముందు సంతోషం కలిగిందంటావా, ఇంతమందికి కూరేం వండాలన్న దిగులు కలిగిందంటావా? లేచి పొయ్యి దగ్గరికి నడవబోయింది. ప్రభువు, "నువ్వు కూర్చో. ఈ పూట వడ్డన నాది" అన్నాడు. ఆ మాట దగ్గర నేను నాలుగు వరసలు అల్లుతాను.

ఇంకొకటి చెబుతాను. మన మాట ఒప్పుకోనివాళ్ళకు చెప్పి చూడు. మొన్న వెంకటరత్నమ్మ గారు లోపలినుంచి, "అల్లుడి ఇంట్లో ఆ అత్తగారు ఎందుకుందమ్మా? కొడుకులు లేరా ఏంటి?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, నాకు ఆ ఊహే రాలేదు. కొడుకులు లేక అల్లుడి పంచన చేరిన మనిషి జ్వరం తగ్గీ తగ్గకముందే లేచి వండక ఏం చేస్తుంది? ఆ రోజంతా ఆవిడ నా వెంటే తిరిగింది.

పరీక్ష సంగతి విన్నాను. డిసెంబరు ఇంకా దూరం ఉంది.

పెద్దమ్మ

వ్రాసినవారి మనవి: నేను సీతారామలక్ష్మిని. పేతురు అత్తగారితో మీ దేవుడు అన్న మాట ఏ పుస్తకంలో ఏ అధ్యాయంలో ఉందో దయచేసి తెలపండి. ఆ ఒక్క వాక్యం నా కాగితం మీద రాసి ఉంచుకోవాలని ఉంది. అప్పాయమ్మను అడిగితే, చూసి చెబుతానని ఆరు వారాలుగా అంటోంది.


రాజమహేంద్రవరం,
జూలై 9

పెద్దమ్మకు సువార్తమ్మ నమస్కారాలు.

నాకు లేసు రాదు కనుక నడుస్తూ ప్రయత్నించాను. ఒక్క మాట పట్టుకుని బడినుంచి రేవుదాకా బయలుదేరాను. సగం దారిలో మాట జారిపోయింది, వంకాయల బేరం మిగిలింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నాలుగో రోజుకు రేవుదాకా నిలిచింది.

పిల్లలకు పేతురు ఇల్లు చెప్పి, ఎవరు ఎక్కడ నిలబడతారో నిలబడమన్నాను. సగంమంది పొయ్యి దగ్గర నిలబడ్డారు. బల్లిబొమ్మలు వేసే పిల్ల మాత్రం జ్వరంమనిషి పక్కన కూర్చుని, "పంతులమ్మగారండీ, ఈవిడికి ఎవరూ కషాయం ఇవ్వలేదాండీ?" అంది. అది పుస్తకంలో లేదు, కాని అడగవలసిన ప్రశ్నే.

సీతారామలక్ష్మి గారికి నా నమస్కారాలు చెప్పు. ఆ కథ మూడు సువార్తల్లో ఉంది. ఒక్కొక్కచోట రెండు మూడు వాక్యాలే. ఆవిడ అడిగిన మాట మాత్రం నాకు ఇంకా కనబడలేదు. తొందరలో దాటిపోయి ఉంటాను. మొదటినుంచి వెతుకుతున్నాను, దొరకగానే రాస్తాను.

సువార్తమ్మ


నరసాపురం,
జూలై 22

సువార్తమ్మ గారికి సీతారామలక్ష్మి నమస్కారములు.

ఈ ఉత్తరం అప్పాయమ్మకు తెలియకుండా రాస్తున్నాను. ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పడం తప్పే. చెప్పకపోతే డిసెంబరులో అంతకన్నా పెద్ద తప్పవుతుంది.

మీ పెద్దమ్మకు చదవడం రాదు. కంటిచూపు తగ్గి కాదు, ఎన్నడూ రాదు. మా నాన్నగారు అమలాపురం దగ్గర బడిపంతులు. ఆయన ఎదురుగా కూర్చుని ఆయన పుస్తకంలోనే చదువు నేర్చుకున్నాను కనుక తలకిందులుగా ఉన్న పుటైనా నేను చదవగలను. నిరుడు ఒక శుక్రవారం ఆమె ఒళ్ళో పుస్తకం తెరుచుకుని సరస్సు మీద గాలివాన గురించి చెబుతోంది. పడవలోకి నీళ్ళు వచ్చేసినట్టే ఉంది నాకు. తీరా చూస్తే ఆ పుట మీద ఉన్నది వంశావళి, ఫలానా వారికి ఫలానా వారు పుట్టారని. తరవాత వారంవారం గమనించాను. చెప్పే కథకూ తెరిచిన పుటకూ ఎప్పుడూ సంబంధం ఉండదు. మీ పెదనాన్నగారు రోజూ చదువుతుంటే విని, అంతా చెవులతోనే నిలుపుకుంది.

పరీక్ష కబురు విన్నప్పటినుంచి ఆమె అల్లిక తప్పుతోంది. మొన్న శుక్రవారం ఒకే పువ్వు మూడుసార్లు విప్పింది. పుటలు తెరిచి చూపేది మీరేనని రాశారు. ఏ పుట తెరుస్తారో ముందుగా తెలిస్తే నేను చదివి వినిపిస్తాను. ఒక్కసారి వింటే ఆమెకు చాలు.

ఆమెను ఆ పనిలోంచి తీసేస్తే మా పెరట్లోకి రావడానికి కారణం ఉండదు. ఆమె రాకపోతే ఈ ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. నా స్వార్థం కూడా దాచకుండా చెబుతున్నాను.

సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
ఆగస్టు 30

సీతారామలక్ష్మి గారికి సువార్తమ్మ నమస్కారములు.

గోదావరి వరదకు టపా పడవలు నిలిచిపోయి మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. చదవగానే మీమీద కోపం వచ్చింది. తరవాత పెద్దమ్మ మీద వచ్చింది, తరవాత నామీద. నా తల్లి నన్ను కని పోతే పెద్దమ్మే పెంచింది. సన్నదారంతో పువ్వులల్లే కళ్ళకు అక్షరం ఆనకపోవడం ఏమిటని నేను ఒక్కనాడూ అడగలేదు. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు నేర్పుతున్నాను.

మార్కు సువార్త మొదటి అధ్యాయం పుటకు గుర్తు పెట్టుకుని అదే తెరుస్తాను. పేతురు అత్తగారి కథ అందులోనే ఉంది. తప్పని తెలుసు. ఆ వయసులో ఆవిడ తలవంచుకుని బయటికి రావడం నేను ఎదురుగా నిలబడి చూడలేను.

దీనితోపాటు ఆవిడకు వేరే కాగితం పెట్టాను. అంతా చదివి వినిపించండి.

సువార్తమ్మ


(పై ఉత్తరంతో జతపరచినది)

పెద్దమ్మకు సువార్తమ్మ నమస్కారాలు.

సీతారామలక్ష్మి గారు అడిగిన మాట కోసం నాలుగు సువార్తలూ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. అచ్చుకాగితం ఎక్కడ పడేశానో కూడా తెలియదు, గీతలు పెట్టడం ఎప్పుడో మానేశాను. పోయిన ముక్కుపుడక కోసం ఇల్లంతా ఊడ్చినట్టు ప్రతి మాటా ఎత్తి చూశాను. ఇన్నేళ్ళు చదివీ చూడనివి ఎన్ని కనబడ్డాయో! రొట్టెలు పంచినరోజు జనాన్ని పచ్చగడ్డి మీద కూర్చోబెట్టాడట. పచ్చగడ్డి అంటే వానలు పడి ఉండాలి కదా? పెద్దమ్మా, యోహాను చివర్లో వలలు లాగి లాగి అలిసిపోయిన శిష్యుల కోసం ప్రభువే ఒడ్డున నిప్పు చేసి, చేప కాల్చి, రొట్టె సిద్ధం చేసి, తినడానికి రమ్మని పిలిచాడు. అది చదివి ఏడ్చాను. పుస్తకం ముందు ఏడ్చి రెండేళ్ళయింది.

కాని పేతురు అత్తగారితో "నువ్వు కూర్చో, ఈ పూట వడ్డన నాది" అని ఆయన అనలేదు. ఆ మాట ఎక్కడా లేదు. ఆవిడ లేచింది, వాళ్ళకు ఉపచారం చేసింది, అంతే ఉంది. ఆ మాట నీకు ఎక్కడిది?

సువార్తమ్మ


నరసాపురం,
సెప్టెంబరు 14

సువార్తమ్మ గారికి సీతారామలక్ష్మి నమస్కారములు.

మీ కాగితం అప్పాయమ్మకు చదివి వినిపించాను. పచ్చగడ్డి దగ్గర నవ్వింది. ఒడ్డున చేప కాల్చినచోట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అక్కడితో ఆపేశాను. చివరి నాలుగు వాక్యాలూ చదవలేదు. "ఇంకేం రాసిందండీ మా అమ్మాయి?" అంటే, "నమస్కారాలు రాశారు" అన్నాను.

పుటలో లేనిది ఆమె చదివింది. పుటలో ఉన్నది నేను చదవలేదు. ఇందులో ఎవరి తప్పు ఎక్కువో మీరే చెప్పండి.

మాఘమాసంలో మా మామగారి ఆబ్దికం. అప్పటికి నాకు మూడు రోజులుగా జ్వరం. ఆ పొద్దున తడిబట్టతో మడి కట్టుకుని పదకొండుమందికి వండి వడ్డించాను. ఎవరూ తిట్టలేదు, కష్టపెట్టలేదు. "లేచావా" అన్నారు, అంతే. ఆ తరవాత శుక్రవారం అప్పాయమ్మ ఆ కథ చెప్పింది. నేను మీ మతంలోకి వచ్చేదాన్ని కాదు, ఆ ఆశ మీకు కల్పించడం నాకు ఇష్టం లేదు. కాని ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఒకరు జ్వరంనుంచి లేచిన ఆడమనిషితో ఆ మాట అన్నారని తెలిస్తే నాకు చాలనిపించింది. ఎవరూ అనలేదని నా నోటితో నేను ఎలా చదవను?

సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 27

సీతారామలక్ష్మి గారికి సువార్తమ్మ నమస్కారములు.

మీ ఉత్తరం చదివాను. మీ బాధ నాకు అర్థం కాలేదని అనుకోవద్దు.

అయినా చెబుతున్నాను. పెద్దమ్మ ఆ మాట పుస్తకంలో ఉందని నమ్మే చెప్పింది. లేదని తెలిసీ దాస్తున్నది ఇప్పుడు మనిద్దరమే. పుటకు గుర్తు పెడతానన్నాను, మీరు నాలుగు వాక్యాలు మింగారు. ఇలాగే సాగితే ఆవిడ చుట్టూ అన్నీ మన అబద్ధాలే మిగులుతాయి. నాకే చదువు రాకపోయి, ఎవరైనా నా ఉత్తరం సగమే చదివి మడిచేస్తే, అది దయతో చేసినా సరే, నేను క్షమించలేను.

ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించండి.

సువార్తమ్మ


నరసాపురం,
అక్టోబరు 16

చిరంజీవి సువార్తమ్మను పెద్దమ్మ అప్పాయమ్మ దీవించి రాయించునది.

రాత కాస్త వంకరగా ఉంటే సీతమ్మ గారు మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటున్నారని అనుకో. చెప్పే నేను గట్టిగానే ఉన్నాను. నీ కాగితం మొత్తం చదివారు. గుర్తు పెట్టే పుట సంగతి కూడా ఒప్పుకున్నారు. ఇద్దరూ కలిసి ముసలిదాన్ని దొంగను చెయ్యబోయారు గదే! ఇరవై ఏళ్ళుగా దొంగనైన దాన్ని కొత్తగా ఏం చేస్తారు?

అవును తల్లీ, నాకు చదవడం రాదు. అప్పటి దొరసాని గారు పుస్తకం చేతికిచ్చి చదవమంటే, తెరిచి పట్టుకుని, మీ పెదనాన్న చదవగా విన్నది ఒప్పజెప్పాను. ఆవిడ మెచ్చుకుంది. కాదని చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. తరవాత ప్రతి రోజూ అంతకన్నా కష్టమైంది. మీ పెదనాన్న నేర్పుతానంటే సిగ్గుపడి, రేపు రేపు అన్నాను. నీకు మాత్రం ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు ఏడేళ్ళప్పుడు బోర్డింగునుంచి వచ్చి మొదటి పాఠం చదివి వినిపించి, "నీలాగే చదివానా పెద్దమ్మా?" అన్నావు. ఆ తరవాత ఇక నీకెలా చెప్పను?

ఆ మాట మాత్రం నేను కల్పించలేదు. మీ పెదనాన్న గొంతుతోనే నా చెవిన పడింది, ఆ కథ చివరనే. లేనిది ఉన్నట్టు చదివే మనిషి కాడు ఆయన. ఇంతకుమించి నాకు తెలియడం లేదు, తల బద్దలవుతోంది.

కాని లేదని నువ్వు చూసి చెప్పాక ఊరుకోకూడదు గదా. నేను వెళ్ళే ఎనిమిది ఇళ్ళకూ వెళ్ళాను. ఒక్కొక్క గుమ్మం దగ్గరా, "నాకు చదువు రాదమ్మా, నేను చెప్పిన ఈ మాట పుస్తకంలో లేదు" అని చెప్పాను. రెండిళ్ళల్లో నవ్వారు. ఒక ఇంట్లో తలుపేసుకున్నారు. ప్లీడరు గారి చెల్లెలు, "అయితే మిగతావి మాత్రం ఉన్నాయని ఏంటి నమ్మకం?" అంది. గుండెలో గుచ్చుకుంది. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, మీరే చూసుకోండమ్మా అన్నాను. పుచ్చుకుంది. వెంకటరత్నమ్మ గారు మాత్రం చేట కింద పెట్టి మొదటిసారి గుమ్మంలోకి వచ్చారు. "లేదా? పోనీ, ఉండాల్సిన మాటే" అని కోడలివైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు.

పుటకు గుర్తు పెట్టొద్దు. దొరసాని గారితో నేనే చెబుతాను. పని పోతే పోతుంది. భయంగా ఉంది, ఆ మాట కూడా రాయమన్నాను.

పెద్దమ్మ

ఆమె చెప్పినది చెప్పినట్టే రాశాను. దేన్నీ వదలలేదు. — సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
నవంబరు 8

పెద్దమ్మకు సువార్తమ్మ నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి గర్వపడ్డానో ఏడ్చానో తెలియదు, రెండూ ఒకేసారి జరిగాయి. పరీక్షించవలసినది నన్ను పెంచిన తల్లిని కనుక నేను రానని దొరసాని గారితో చెప్పేశాను. వేరొకరు వస్తారు.

ఇప్పుడు నా పొద్దు ఎలా గడుస్తోందో విను. పెద్ద తరగతి పిల్లను ఒకదాన్ని పిలిచి నాలుగే వాక్యాలు చదవమంటాను. నేను కళ్ళు మూసుకుని వింటాను. పుస్తకం మూసేశాక విన్నది నా మాటల్లో చెబుతాను. ఆ పిల్ల పుస్తకం తెరిచి, నేను ఏం వదిలేశానో, ఏం చేర్చానో పట్టుకుంటుంది. దానికి నన్ను పట్టుకోవడమంటే ఎంత సంబరమో! చేర్చినచోటే నాకు ఏం కావాలో బయటపడుతోంది. ఆ సంగతి ప్రార్థనలో చెప్పుకుంటున్నాను. హాజరు పిలిస్తే ఎవరో పలుకుతున్నారు పెద్దమ్మా.

ఒక్కమాట అడుగుతాను, కోపగించుకోకు. ఆ మాట నీ చెవిన పడినరోజు ఏం జరిగిందో ఇంకొంచెం జ్ఞాపకం చేసుకో.

సువార్తమ్మ


నరసాపురం,
డిసెంబరు 19

చిరంజీవి సువార్తమ్మను పెద్దమ్మ అప్పాయమ్మ దీవించి రాయించునది.

దొరసాని గారు వచ్చి వెళ్ళారు. ఆవిడ పుస్తకం తెరవకముందే చెప్పేశాను. నాచేత నాలుగు కథలు చెప్పించుకుని, పక్కనున్నావిడతో పుటలు చూపించుకున్నారు. తప్పు లేదన్నారు. అయినా చదవలేని మనిషిని వాక్యం చెప్పడానికి పంపడం కుదరదన్నారు. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయిలే, పాపం. లేసు నేర్పే పని మాత్రం ఉంచారు. చేతులు ఆడించాలి, నోరు మూసుకోవాలి. నాకు అదెంత కష్టమో నీకు తెలుసు.

బాధ లేదని అబద్ధం రాయించను. రెండు రోజులు చాప మీదినుంచి లేవలేదు.

మూడో రోజు మంగళవారం. లేసు సంచీ పట్టుకుని సీతమ్మ గారింటికి వెళ్ళాను. ఇద్దరం మాటా పలుకూ లేకుండా అల్లుకుంటున్నాం. లోపలినుంచి వెంకటరత్నమ్మ గారు, "ఏంటి, ఇల్లింత చప్పగా ఉంది? ఆవిణ్ణి చెప్పొద్దన్నారు గాని, నిన్ను చదవొద్దన్నారా? మీ నాన్న చెప్పించిన చదువు దేనికే?" అన్నారు. సీతమ్మ గారు నావైపు చూశారు. నేను పుస్తకం మెట్టు మీద పెట్టాను. నువ్వు ఆవిడకు ఉత్తరంలో రాసిన చోటు తీసి చదివారు, పేతురు అత్తగారిది. ఆవిడ లేచింది, వాళ్ళకు ఉపచారం చేసింది అన్నదాకా చదివి, ఆపి, పుస్తకం మూశారు.

మూసిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు తరవాత ఇంకా ఏదో రావాలని నా చెవి ఎదురుచూసింది. అప్పుడు తెలిసిందే నాకు.

మనం మొగల్తూరులో ఉన్నప్పటి మాట. నీకు మూడేళ్ళు. నాకు జ్వరం విడిచిన పొద్దున మీ పెదనాన్న రోజూలాగే చదివాడు. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటున్నాను. చదవడం అయింది, పుస్తకం మూశాడు. నేను పొయ్యి వెలిగిద్దామని లేవబోయాను. "నువ్వు కూర్చో. ఈ పూట వడ్డన నాది" అన్నాడు. చదివిన గొంతుతోనే అన్నాడు. పుస్తకం ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ మొదలుపెట్టాడో నాకు తెలియలేదు. ఆ తరవాత ఏటేటా ఆ కథ చదివే ఉంటాడు, ఆ మాట లేకుండానే చదివి ఉంటాడు. నా చెవి మాత్రం దాన్ని కలుపుకునే వినేది.

ఆయన ఎంత తక్కువ మాట్లాడేవాడో నీకు తెలుసు. చదవమంటే ఎంతసేపైనా చదివేవాడు, తనంతట తాను నాలుగు మాటలు కలిపి అనేవాడు కాదు. ఆయన పోయిన దగ్గరినుంచి ఆయన మాట ఒక్కటైనా జ్ఞాపకం తెచ్చుకుందామని కూర్చుంటే చదివినవే వచ్చేవి. ప్రభువు మాటలు ఇన్ని నా దగ్గరున్నాయి, నా మొగుడి మాట ఒక్కటీ మిగల్లేదే అని నీకు కూడా చెప్పకుండా ఏడ్చాను. ఉన్న ఒక్క మాటనూ ప్రభువుదని ఎనిమిది ఇళ్ళల్లో ఇచ్చేశాను. మొన్న ఆ ఎనిమిది ఇళ్ళకూ వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నది అదేనని అప్పుడు నాకు తెలియదు.

సీతమ్మ గారికి చెప్పాను. జ్వరంనుంచి లేచిన ఆడమనిషితో ఆ మాట నిజంగానే ఒకరు అన్నారమ్మా, అన్నది మా ఆయన, విన్నది నేను అన్నాను. ఆవిడ కాగితం తెచ్చుకుని రాసుకున్నారు. ఎవరు అన్నారో పేరు కూడా రాస్తానంటే, ఏసుపాదం అని చెప్పాను.

ఆ పూట పులుసులో ఆయన ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. చెప్పకుండా తిన్నాను. నీకూ పెట్టాడు.

పెద్దమ్మ